గుంటూరు మక్తబ్‌లో ఏఐ: మా ప్రాజెక్టు డైరీ

2025 జూన్, బడి తెరిచిన వారం

మా మాముకి (మేనమామకి) గుంటూరులో పొన్నూరు రోడ్డు వైపు చిన్న స్కూలు ఉంది. ఇంగ్లీషు మీడియం, ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా. సాయంత్రం అసర్ నమాజ్ అయ్యాక అవే గదుల్లో మక్తబ్ (ఖుర్ఆన్ బడి) నడుస్తుంది, మేడ మీద రేకుల షెడ్డులో హిఫ్జ్ పిల్లలు (ఖుర్ఆన్ కంఠతా పట్టేవాళ్ళు) కూర్చుంటారు. వాళ్ళకి చదువు చెప్పే హాఫిజ్ గారిని పిల్లలూ పెద్దలూ హజ్రత్ అనే పిలుస్తారు, నేనూ అంతే. ఆఫీసులో ఒక్కడే క్లర్కు. ఆయన చుట్టూ ఫీజుల రిజిస్టరు, హాజరు పట్టీలు, అడ్మిషన్ రిజిస్టర్ల బీరువా, ఒక పాత కంప్యూటరు.

"అందరూ ఏఐ ఏఐ అంటున్నారు, దాంతో మనకేమన్నా ఒరుగుతుందేమో చూడు బేటా" అని వేసవి సెలవుల్లో మాము అన్నాడు. నాది ఇంటి నుంచి చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రిళ్ళు ఖాళీయే కాబట్టి సరే అన్నాను.

అప్పటికే ఒక కంపెనీ వాళ్ళు వచ్చి, గేటు దగ్గర కెమెరా పెడితే ముఖం చూసి దానంతట అదే హాజరు పడిపోతుందని చెప్పి వెళ్ళారు. పెద్ద తరగతుల ఆడపిల్లల్లో కొందరు నఖాబ్‌తో వస్తారు, గేటు దగ్గర అది తీసి ముఖం చూపించమంటే ఇళ్ళల్లో ఊరుకోరు. అసలు పేర్లు పిలిచి హాజరు వేయడానికి టీచరుకి పట్టేదే రెండు మూడు నిమిషాలు, ఆ కాస్త మిగల్చడానికి లక్షలు పెట్టడం ఏమిటో. మాము వాళ్ళకి టీ ఇప్పించి పంపేశాడు. మంచి పనే చేశాడు.

ఏ పని ఎత్తుకోవాలో తేల్చుకోవడానికి ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. క్లర్కు గారిది పిల్లల పేర్ల తలనొప్పి, హజ్రత్‌ది సబఖ్ (రోజువారీ పాఠం) లెక్కలు, మాముది ఇళ్ళకు కబుర్లు చేరడం లేదన్న బాధ. "పిల్లల ఖిరాత్ (ఖుర్ఆన్ పారాయణం) వినే యంత్రం ఉందటగా" అని హజ్రత్ చివర్లో నవ్వుతూ అడిగారు. ఈ ప్రాజెక్టులో ఎక్కువ రాత్రిళ్ళు తినేసింది ఆ ప్రశ్నే.

జూన్ చివర: షేక్‌ల లెక్క

గుంటూరులో ముస్లిం పిల్లలు ఎక్కువున్న బడి హాజరు పట్టీ చూస్తే సగం పేర్లు షేక్‌తోనే మొదలవుతాయి, మిగిలినవాళ్ళు పఠాన్, సయ్యద్, మహమ్మద్. ఆ షేక్‌ని ఇంగ్లీషులో రెండక్షరాలు వేసి చుక్క పెట్టేవాళ్ళున్నారు, ఐదక్షరాలు రాసేవాళ్ళున్నారు, చివర హెచ్ తగిలించేవాళ్ళున్నారు. కరీమున్నీసా అనే ఒక్క పేరే ఆధార్‌లో ఒకలా, జనన ధ్రువపత్రంలో ఇంకోలా, మా అడ్మిషన్ రిజిస్టర్లో మరోలా ఉంటుంది. పాత రోజుల్లో ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఇప్పుడు విద్యార్థికిచ్చే 12 అంకెల అపార్ నంబరు రావాలంటే బడి రికార్డులో పేరూ ఆధార్‌లో పేరూ కలవాలి. పైగా ఈ నెలలోనే తల్లికి వందనం డబ్బులు పడ్డాయి, బిడ్డకి 15,000లో బడి నిర్వహణకు 2,000 పోను 13,000. పడని ఇళ్ళవాళ్ళు బ్యాంకుకో సచివాలయానికో కాకుండా ముందు మా క్లర్కు గారి బల్ల దగ్గరికే వస్తారు.

దీనికి చేసిన పనిలో ఏఐ పాలు చాలా తక్కువని చెప్పాలి. పేరులో అచ్చులు తీసేసి, జంట అక్షరాలను ఒకటి చేసి, మిగిలిన హల్లులతో ఒక కీ తయారుచేయడం, దాన్ని పుట్టినతేదీతో తండ్రి పేరుతో కలిపి చూడడం. పాతకాలపు ప్రోగ్రామే, చక్కగా పనిచేసింది. ఏఐ అవసరమైంది పాత చేతిరాత రిజిస్టర్లు ఫొటో తీసి చదివించడానికి మాత్రమే. అక్కడే ఈ డైరీ అంతా వెంటాడే సంగతి మొదటిసారి కనబడింది. ఒక పేజీలో తండ్రి పేరు గడి మీద నీళ్ళు పడి సిరా కారిపోయింది, 'మ' అని మొదటి అక్షరం తప్ప ఏదీ కనబడదు. మోడల్ మాత్రం ఏ తడబాటూ లేకుండా 'మహబూబ్ బాషా' అని రాసిచ్చింది. గుంటూరులో ఆ పేరు ఉండే అవకాశం ఎక్కువే, ఊహ తెలివైనదే. కానీ బడి రిజిస్టర్లో ఊహలు ఎక్కకూడదు కదా. చదవలేని గడిలో ప్రశ్నార్థకం పెట్టి ఆపేయాలని ఆదేశం మార్చాను, ఆ గడులు క్లర్కు గారు అసలు రిజిస్టరు చూసి తన చేత్తో నింపాలి. ఆయనకి పని కొంచెం పెరిగింది, టెన్షన్ తగ్గింది.

జూలై: సబఖ్, సబ్ఖీ, మన్జిల్

హిఫ్జ్ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఖుర్ఆన్‌లో 30 పారాలు (భాగాలు), 114 సూరాలు (అధ్యాయాలు). కంఠతా పట్టే పిల్లవాడు రోజూ మూడు రకాలుగా అప్పజెప్పాలి. ఆ రోజు కొత్త పాఠం సబఖ్, ఈ మధ్య పూర్తిచేసినది సబ్ఖీ, ఎప్పుడో అయిపోయిన పారాల తిరుగుడు మన్జిల్. కొత్త పాఠం పరుగెడుతుంటే పాతది కారిపోతుంది, అందుకని మన్జిల్ లెక్క తప్పకూడదు. హజ్రత్ దగ్గర పొడుగాటి పుస్తకం ఉంది, పిల్లవాడికో పేజీ, ఉర్దూలో చిన్న అక్షరాలు, తప్పు పోయినచోట ఎర్ర పెన్నుతో చుక్క. ఆ పుస్తకం చూసి ఎవరు ఏ పారాలో తరచూ పడుతున్నారో ఆయన చెప్పగలరు, వేరేవాళ్ళు చెప్పలేరు.

ఆయన్ని టైపు చేయమనడం జరిగే పని కాదు. వాయిస్ నోట్ చెప్పమన్నాను. "ఫలానా పిల్లవాడు, సబఖ్ ఏడో పారా నిస్ఫ్ (సగం) దాకా, సబ్ఖీ ఢాయీ పారా, రెండు గల్తీలు, మన్జిల్ లేదు." దాన్ని అక్షరాల్లోకి మార్చి, భాషా మోడల్‌కిచ్చి పట్టికలో వరసగా పెట్టించడం. మాట అక్షరంగా మారేచోట దక్కనీ యాస కొంచెం ఏడిపించింది. ఢాయీ అంటే రెండున్నర, డేఢ్ అంటే ఒకటిన్నర, ఇవి రెండూ ఒక్కోరోజు రెండుగానూ ఒకటిగానూ మారిపోయేవి. పారా నంబరు 1 నుంచి 30 దాటకూడదు, దాని తర్వాత పావు, నిస్ఫ్, సలాసా (ముప్పావు) తప్ప ఇంకేదీ రాకూడదు, ముందు రోజు కన్నా సబఖ్ హఠాత్తుగా నాలుగు పారాలు ముందుకు దూకకూడదు. ఇలాంటి కాపలా నిబంధనలు మోడల్ బయట మామూలు కోడ్‌లో పెట్టాక కుదుటపడింది.

ఇక్కడా అదే గుణం. హజ్రత్ మన్జిల్ సంగతి చెప్పడం మరిచిపోయిన రోజున మోడల్ నిన్నటి లెక్క చూసి 'మన్జిల్ ఒక పారా' అని రాసేది. ఎవరూ వినని పారా విన్నట్టు పుస్తకంలోకి ఎక్కింది! చెప్పనిది ఖాళీ, ఖాళీ అంటే ఖాళీయే అని గట్టిగా కట్టడి చేశాం. రాత్రి ఇషా నమాజ్ తర్వాత ఆ ఖాళీలు హజ్రత్ ఫోన్‌కి వెళ్తాయి, ఆయన ఒక మాట చెప్తే నిండుతాయి.

ఆగస్టు: ఖాఫ్ దగ్గర ఆగాం

ఖిరాత్ పని ఎత్తుకున్నాం. అనుకున్నది ఇది: హజ్రత్ ఒక్కొక్కరిదీ విడిగా వినాలి, తమ వంతు వచ్చేదాకా మిగతావాళ్ళు కాలక్షేపమే. ఆ సమయంలో యంత్రం ఒకసారి వింటే, మరీ కొట్టొచ్చినట్టున్న తప్పులు పిల్లలే దిద్దుకుని ఆయన ముందు కూర్చుంటారు.

ఓపెన్‌ఏఐ 2022 సెప్టెంబరులో విస్పర్ అనే మాట గుర్తించే మోడల్‌ని ఉచితంగా వదిలింది, 6,80,000 గంటల ఆడియోతో తయారైనది. దాన్ని ఖుర్ఆన్ పారాయణం మీద మళ్ళీ శిక్షణ ఇచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, అలాంటి మోడల్ ఒకటి తెచ్చి పెట్టాను. చిన్నపిల్ల ఇఖ్లాస్ సూరా చదివింది, ఆయతులు (వాక్యాలు) పొల్లుపోకుండా స్క్రీన్ మీదికొచ్చాయి. మాము చప్పట్లు కొట్టాడు. హజ్రత్ ఏమీ అనకుండా కుర్చీ ముందుకు లాక్కుని, కాలర్ మైకు తన కుర్తాకి పెట్టుకుని, ఖుర్ఆన్ మొదటి సూరా ఫాతిహా మొదలుపెట్టారు. 'అన్‌అమ్త' దగ్గర కావాలనే 'అన్‌అమ్తు' అన్నారు. అంటే 'నీవు అనుగ్రహించిన' అనాల్సిన చోట 'నేను అనుగ్రహించిన' అయిపోతుంది, తజ్వీద్‌లో (ఖుర్ఆన్ ఉచ్చారణ నియమాల్లో) ఇలాంటి దాన్ని లహ్నె జలీ అంటారు, బాహాటమైన తప్పు. స్క్రీన్ మీద మాత్రం సరైన ఆయతే వచ్చింది. ఇంకో సూరాలో ఒక పదం మింగేశారు. యంత్రం ఆ పదాన్ని తెచ్చి దాని చోట పెట్టేసింది.

"ఇది పరీక్ష హాల్లో జవాబులు అందించే మాస్టారులా ఉంది బేటా, నేను చదివింది రాయలేదు, తనకు తెలిసింది రాసింది" అన్నారు.

ఆయన చెప్పింది సాంకేతికంగా కూడా అక్షరాలా నిజమే. ఈ రకం మోడల్లో విన్న ధ్వని ఒక భాగం, తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఉందన్న అంచనా ఇంకో భాగం. ఖుర్ఆన్‌లో ఉన్నది మొత్తం 6,236 ఆయతులు, వాటినే పదే పదే విని పెరిగిన మోడల్‌కి అంచనా భాగమే పైచేయి అవుతుంది. వీడియోలకి సబ్‌టైటిల్స్ వేయడానికి ఈ గుణం వరం. చదువు చెప్పే చోట మాత్రం దీనివల్ల ఉపయోగం సున్నా.

అందుకని దారి మార్చాం. 2020లో ఫేస్‌బుక్ పరిశోధకులు ఇచ్చిన వేవ్‌టువెక్ 2.0 రకం మోడల్ తీసుకున్నాం. ఇది ధ్వనిని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా చూసి, ఒక్కో ముక్కలో ఏ అక్షరం ఎంత బలంగా వినబడిందో చెప్తుంది, తర్వాతి మాట ఊహించే భాగం వెనకాల ఉండదు. పిల్లవాడు ఏ ఆయతు చదవాలో మనకు ముందే తెలుసు కాబట్టి ఏం చదివాడని దాన్ని అడగనక్కర్లేదు. ఫలానా చోట వచ్చింది ఖాఫా, కాఫా, ఖేనా, మూడింటికీ విడివిడిగా మార్కులెయ్ అని అడిగితే చాలు. (ఈ మూడు అరబీ అక్షరాలనూ తేడా తెలిసేలా రాయడానికి తెలుగు లిపి చాలదు, ఖాఫ్ అంటే రెండు చుక్కలది, ఖే అంటే ఖర్బూజాలో వచ్చేది అనుకోండి.)

ముందు ఖాఫ్‌నే పట్టుకోవడానికి కారణం మన ఊరే. ఇంట్లో దక్కనీ మాట్లాడే పిల్లలు ఖాఫ్‌ని ఖే చేసేస్తారు, ఖాఫ్‌తో మొదలయ్యే ఉర్దూ 'కలం' మాటని వాళ్ళ అమ్మానాన్నలు పలికేదీ అలాగే. నూర్‌బాషా ఇళ్ళ పిల్లలకి ఇంట్లో తెలుగే, ఉర్దూ రాదు, వాళ్ళ నోట అదే అక్షరం కాఫ్ అవుతుంది. అప్పుడు ఖుల్ కాస్తా కుల్ అయి, 'అను' అనాల్సిన చోట 'తిను' అయి కూర్చుంటుంది. ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లలు ఒకే అక్షరాన్ని రెండు వైపులకు తప్పుతున్నారు. హజ్రత్ ఇద్దరికీ రెండు రకాలుగా చెప్తారు. దక్కనీ పిల్లలతో ఖేని సాగదీయించి, గొంతులో గాలి ఎలా రాసుకుంటూ పోతుందో అరచేతి మీద చూపించి, "ఖాఫ్‌ని ఇలా సాగదియ్యి చూద్దాం" అంటారు. అది సాగదు, ఆగి ఒక్కసారిగా విడుస్తుంది, అంతే. తెలుగు పిల్లలకి గాలితో పేచీ లేదు, నాలుక మొదలు ఇంకా వెనక్కి, కొండనాలుక దాకా పోవాలి. కాబట్టి యంత్రం 'తప్పు' అని ఊరుకుంటే చాలదు, ఖే వైపు పోయిందా కాఫ్ వైపు పోయిందా చెప్పాలి. ఈ ఒక్క పనీ అది బాగా చేస్తోంది. నాకు ఈ ప్రాజెక్టులో బాగా నచ్చిన భాగం ఇదే.

ఆగస్టు చివర

పిల్లల గొంతుతో చిక్కులు. దొరికే రికార్డింగులన్నీ పెద్ద ఖారీలవి (పారాయణం చేసేవాళ్ళవి). 1961లో ఖుర్ఆన్ మొత్తం మురత్తల్ (నిదానంగా, స్పష్టంగా చదివే) పద్ధతిలో మొట్టమొదట రికార్డు చేసిన ఈజిప్టు ఖారీ మహమూద్ ఖలీల్ అల్‌హుస్రీ లాంటివాళ్ళ గొంతులు విని పెరిగిన మోడల్‌కి ఏడేళ్ళ పిల్ల సన్నటి గొంతు కొత్త. సరిగ్గా చదివినా తప్పంటుంది. తల్లిదండ్రుల సంతకాలు తీసుకుని మన పిల్లలవే రికార్డు చేస్తున్నాం. మక్తబ్‌లో అందరూ ఎవరి పాఠం వాళ్ళు గట్టిగా చదువుతుంటారు కాబట్టి అక్కడ కుదరదు, పుస్తకాల స్టోరు గదిలో గోడలకి బొంతలు వేలాడదీసి స్టూడియో అనిపించాం. హజ్రత్ ఒక్కో క్లిప్పు విని ఖాఫ్, కాఫ్, ఖే అని గుర్తు పెడతారు.

ఎంత నమ్మకం కుదిరితే తప్పు అని చూపించాలన్న గీత ఎక్కడ గీయాలి? నేను మధ్యలో గీద్దామన్నాను, హజ్రత్ ఒప్పుకోలేదు. సరిగ్గా చదివిన పిల్లని తప్పంటే ఆ పిల్ల మళ్ళీ గట్టిగా నోరు విప్పదట. తప్పు జారిపోతే పోనీ, అది ఎలాగూ ఆయన చెవిన పడుతుంది. గీత బాగా పైకి జరిపాం. 'సరైనది' అని యంత్రం ఎప్పుడూ చెప్పదు, అది ఆయన మాట. అనుమానం ఉన్న చోట లైను నంబరు చూపించి 'ఇది హజ్రత్‌కి వినిపించు' అంటుంది.

ఫాతిహా చివర వచ్చే జాద్ అక్షరం మీద యంత్రం అసలు నోరెత్తదు. దాన్ని దాల్‌కి దగ్గరగా పలకాలా జోయ్‌కి దగ్గరగానా అని మన దేశంలో మసీదుల మధ్య పాత తగువు. "ఆ గొడవలోకి కంప్యూటర్ని దింపకు" అన్నారు హజ్రత్. దింపలేదు.

స్క్రీన్ మీద ఆయతు చూపించడం కూడా మానేశాం. తన్‌జీల్ అనే వెబ్‌సైటు వాళ్ళ ఖుర్ఆన్ పాఠం నమ్మకమైనది, ఒక్క గుర్తు మార్చకుండా ఉన్నదున్నట్టు వాడుకోవాలన్నది వాళ్ళ షరతు. కానీ మన పిల్లలు చదివేది ఇక్కడ అచ్చయ్యే 15 లైన్ల హాఫిజీ ఖుర్ఆన్, 604 పేజీల మదీనా ముస్‌హఫ్‌తో (సౌదీలో అచ్చయ్యే ఖుర్ఆన్ ప్రతితో) దాని పేజీలు కలవవు, అక్షరానికి అచ్చు లేదని చూపే జజమ్ గుర్తు కూడా వేరు. హిఫ్జ్ పిల్లల బుర్రలో ఆయతు 'ఎడమ పేజీ కింది నుంచి మూడో లైను' అని చోటుతో సహా ఉంటుంది, స్క్రీన్ మీద అది ఇంకోచోట కనబడితే తడబడతారు. చేతిలో వాళ్ళ ముస్‌హఫే ఉండనిచ్చి లైను నంబరు మాత్రం చూపిస్తే గొడవే లేదు.

సెప్టెంబరు: చైనా హదీసు

దీనియాత్ (మత పాఠాలు) చెప్పే ఆపా (టీచరమ్మ) యూనిట్ టెస్టు పేపరు కోసం ఒక చాట్‌బాట్‌ని ఐదు హదీసులు (ప్రవక్త మాటలు) అడిగింది. అందులో ఒకటి 'విద్య కోసం చైనాకైనా వెళ్ళండి', పక్కన బుఖారీ (పేరున్న హదీసుల గ్రంథం) అని, ఒక నంబరు కూడా. బుఖారీలో ఆ హదీసే లేదు. దాన్ని పాతకాలపు పండితుడు ఇబ్నుల్ జౌజీ ఎప్పుడో కల్పితాల జాబితాలో వేశాడు. విద్య నేర్చుకోవడం ప్రతి ముస్లిం మీద ఫర్జ్ (విధి) అన్న హదీసు మాత్రం ఇబ్నె మాజా అనే ఇంకో హదీసు గ్రంథంలో 224వ నంబరుగా ఉంది, ఆపాకి నిజానికి కావలసింది అదే. నంబరు చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది, అందులోనే ఉంది ప్రమాదం. రిజిస్టర్లో మహబూబ్ బాషాని పుట్టించిన గుణమే ఇక్కడ హదీసుకి ఊరూ పేరూ పుట్టించింది.

ఆ రోజు నుంచి మా దగ్గర మోడల్ ఆయతు గానీ హదీసు గానీ తన మాటల్లో రాయదు. హజ్రత్ చూసి ఒప్పుకున్న హదీసులు, ఆయతులు, వాటి తెలుగు అర్థాలు తాళం వేసిన పట్టికలో ఉంటాయి. ఆపా 'అమ్మానాన్నల హక్కుల గురించి' అని అడిగితే మోడల్ వరస నంబర్లు మాత్రం ఇస్తుంది, కోడ్ పట్టిక నుంచి పాఠం తెచ్చి అతికిస్తుంది. పట్టికలో లేని నంబరు ఇస్తే ఏమీ రాదు. బుఖారీకి ఫువాద్ అబ్దుల్ బాఖీ అనే పండితుడు వేసిన వరసలో 7,563 హదీసులు, వేరే ముద్రణల్లో వరస వేరు, కాబట్టి ఏ ముద్రణో కూడా పట్టికలో రాసిపెట్టాం. నమాజ్‌లో చేతులు ఎక్కడ కట్టుకోవాలి లాంటి మస్లా (మత నియమాల) ప్రశ్న వస్తే జవాబు ఉండదు, హజ్రత్‌ని అడగమంటుంది.

తెలుగు మాత్రమే వచ్చిన పిల్లలకి మాత్రం ఇది నిజంగా మేలు చేసింది. ఆపా ఉర్దూలో రాసుకున్న నోట్సుని తేలిక తెలుగులోకి తెచ్చి, ఖాళీలు పూరించండి, జతపరచండి తయారుచేసివ్వడం దానికి చిటికెలో పని. ఇంతకుముందు ఆపా ఆదివారాలన్నీ దానికే పోయేవి.

నవంబరు: ఇళ్ళకు కబుర్లు

ఫీజు, సెలవు, పరీక్ష కబుర్లన్నీ వాట్సాప్‌లో ఇంగ్లీషులో వెళ్ళేవి, చాలామంది అమ్మలు తెరిచి చూసి మూసేసేవాళ్ళు. ఇప్పుడు మాము ఒక్క ముక్క చెప్తే తెలుగులో రాసి, చదివి వినిపించే గొంతుతో కూడా పంపుతున్నాం. ఉర్దూ గొంతు కూడా పెట్టి చూశాం, అది లక్నో ఉర్దూలా ఉందని ఒకామె నవ్వింది, తీసేశాం. ఖర్చు భయపడినంత లేదు. ఒకప్పుడు తెలుగు వాక్యాన్ని ఈ మోడళ్ళు మరీ చిన్న ముక్కలు చేసి, ముక్కకింత అని లెక్కగట్టేవి. 2024 మేలో ఓపెన్‌ఏఐ మోడల్ జీపీటీ-4ఓ కొత్త పద్ధతి తెచ్చినప్పుడు చూపించిన తెలుగు ఉదాహరణలో 159 ముక్కలు 45 అయ్యాయి, అంటే 3.5 రెట్లు తక్కువ. అయితే డబ్బు అంకెలు మోడల్ చేతికివ్వం. ఎవరి బాకీ ఎంతో ఫీజుల పట్టిక నుంచి నేరుగా వచ్చి ఖాళీలో పడుతుంది.

ఈ నెలలోనే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నిబంధనలు వచ్చాయి. 18 ఏళ్ళ లోపు పిల్లల డేటా వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించిన అనుమతి ఉండాలని చట్టంలోనే ఉంది. కొన్ని వెసులుబాట్లు బడులకు ఉన్నా మాము వాటి జోలికి పోకుండా కొత్త అనుమతి పత్రం తెలుగు, ఉర్దూ రెండింటిలో అచ్చు వేయించాడు. ఖిరాత్ మోడల్ ఇంటర్నెట్ లేకుండా స్కూలు కంప్యూటర్లోనే నడుస్తుంది, రోజువారీ చదివింపుల ఆడియో మార్కు పడగానే చెరిగిపోతుంది. శిక్షణ కోసం దాచినవి మగపిల్లలవే. ఆడపిల్లల గొంతు ఎక్కడా నిల్వ ఉండకూడదని ఇళ్ళవాళ్ళు కోరారు, దానివల్ల వాళ్ళ విషయంలో మోడల్ కొంచెం వెనకబడే ఉంది. ప్రస్తుతానికి అలాగే నడిపిస్తున్నాం, వాళ్ళవి ఆపానే ఎక్కువగా వింటుంది.

డిసెంబరు

రంజాన్ టైంటేబుల్ పని. ఈసారి ఫిబ్రవరిలో మొదలై మార్చిలోకి పోతుంది, పదో తరగతి పబ్లిక్ పరీక్షలూ అప్పుడే. హిజ్రీ తేదీలిచ్చే ప్రోగ్రాములు సాధారణంగా సౌదీ ఉమ్ముల్ ఖురా క్యాలెండరు పట్టుకుంటాయి, మనకి నెలవంక కనబడితేనే నెల. అందుకని ఒక రోజు ముందుకూ వెనక్కూ జరిపే మీట పెట్టి క్లర్కు గారి చేతికిచ్చాను, నెలవంక కబురు వచ్చిన రాత్రి ఆయన నొక్కితే మొత్తం జరుగుతుంది. పీరియడ్లు ఏ టీచరుకి ఎక్కడ అన్నది భాషా మోడల్‌కి ఇవ్వలేదు, అది దాని పని కాదు. గూగుల్ ఓఆర్-టూల్స్ అనే ఉచిత సాల్వర్ ఆ ముడి చక్కగా విప్పుతుంది.

తరావీలో (రంజాన్ రాత్రి నమాజ్‌లో) నిలబడే పెద్ద పిల్లలు జనవరి నుంచి ఇద్దరిద్దరుగా కూర్చుని దౌర్ చేస్తారు, ఒకరు చదివితే ఇంకొకరు వింటారు. ఎవరు ఎక్కడ తడబడ్డారో రుకూ (సూరాలో చిన్న విభాగం) నంబరుతో రాసిపెట్టే ఏర్పాటు కావాలని హజ్రత్ అడిగారు. జూలైలో పెట్టిన వాయిస్ నోట్ పద్ధతే కాస్త మారిస్తే సరిపోతుంది. ఖాఫ్ అయింది కాబట్టి తర్వాత సీన్, సాద్, సే. క్లిప్పులు రికార్డు చేసి ఉన్నాయి, గుర్తులు పెట్టాలి. హాఫ్ ఇయర్లీ పేపర్లు దిద్దడం అయ్యాక కూర్చుందామన్నారు.